తూము వాలు లెక్క

అనంతపురంలో ఇంజనీరింగు పాసై వచ్చిన కొత్తలో నాకు తెలియని విషయం లోకంలో లేదనుకునేవాణ్ణి. కాలువల శాఖలో తాత్కాలికంగా ఒక జూనియర్ ఇంజనీరు కావాలని తెలిసి అర్జీ పెట్టాను. నంద్యాల ఆఫీసుకు రమ్మని కార్డు వచ్చింది. ప్యాంటు ఇస్త్రీ చేయించి, అది నలగకూడదని ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో నిలబడే వెళ్లాను. సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు రెండుసార్లు కూర్చోమని చెప్పి, కూర్చునే చోట కురుపు లేచిందనుకుని ఊరుకున్నాడు.

ఇంటర్వ్యూ చేసే పెద్ద ఇంజనీరు కోస్తా మనిషి. గదిలో ఒక్క ప్రశ్నా అడగలేదు. పనిమంతుడో కాదో గట్టు మీదే తెలుస్తుందని, వచ్చిన ముగ్గురినీ జీపెక్కించాడు. శిరివెళ్ల దాటి జీపు మా ఊరి వైపే పోతుంటే నాకు భయం పట్టుకుంది. అది ఆగింది సరిగ్గా మా మడి పైనున్న కాలువ గట్టు మీద.

నా భయానికి కారణం ఉంది. కాలువ కిందే మడి ఉన్నా మా వంతు నీళ్లు ఏనాడూ చాలేవి కావు. గట్టుకు కన్నం పెట్టి నీళ్లు మళ్లించుకోవడం, అధికార్లు వస్తున్నారంటే జొన్నసొప్ప కుక్కి బురద మెత్తడం మా వైపు రైతులకు మామూలే. మా నాయన కూడా అదే చేస్తుంటే చదువుకున్న కొడుకుగా నాకు నామోషీ అనిపించింది. దొంగతనం చేస్తున్నందుకు కాదు, లెక్క లేకుండా చేస్తున్నందుకు. ముందటేడు సెలవుల్లో పుస్తకం ముందేసుకుని, నీటి మట్టం కొలిచి, కుమ్మరితో మట్టి తూము చేయించి, నా చేతులతో గట్టులో పాతాను. నా మొదటి ఇంజనీరింగు పని అదే.

ఇప్పుడు ఆ తూములో కుక్కిన సొప్ప వదులై గట్టు కింద చెమ్మ తేలింది. కారణం చెప్పమన్నాడు పెద్ద ఇంజనీరు. మొదటివాడు పీతబొక్కలన్నాడు. రెండోవాడు నల్లరేగడి బీటలన్నాడు. నేను మట్టి రేణువుల దగ్గర మొదలుపెట్టి ఊట సిద్ధాంతమంతా అప్పజెప్పాను. ఎంతసేపు వాగానో నాకే తెలియదు. గట్టు కాపలా తిరిగే లస్కరు నా మొహం చూసి తల తిప్పుకున్నాడు. తూము సంగతి అతనికి ఎప్పుడో తెలుసు.

జీపును చూసి మా నాయన మడిలోంచి పార భుజానేసుకుని వచ్చాడు. నన్ను చూసి కూడా ఎవరో పరాయివాడన్నట్టు చూపు మళ్లించి, ఇంజనీరుకు దండం పెట్టి, అది ఎలుకల పనే అన్నాడు. నా ఉద్యోగం కోసమే ఆయన నన్ను ఎరగనట్టు నిలబడ్డాడు. చివరిదాకా నేను నోరు మూసుకుని ఉంటే నా సంగతి బయటపడేదే కాదు.

ఇంజనీరు లస్కరుతో గట్టు కిందివైపు తవ్వించాడు. తూము బయటపడింది. ఆయన గొంతుక్కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి, చాలాసేపు పరీక్షించాడు.

"పెట్టినవాడికి పని తెలుసు. వాలే కొంచెం తక్కువైంది," అన్నాడు.

అంతే, నా బుద్ధి గడ్డి తింది.

"అంతకన్నా వాలిస్తే గట్టు కోసుకుపోతుంది సార్," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. పట్టుబడతానన్న భయాన్ని గంటసేపు అణుచుకున్నవాణ్ణి, నా లెక్క తప్పంటే మాత్రం ఒక్క క్షణం ఓర్చుకోలేకపోయాను. నాయన ముందుకొచ్చాడు.

"ఆ అబ్బి ఎవరో నాకు తెల్దు సార్. తూము నేనే పెట్టుకున్యా."

"ఆయన మా నాయన సార్. లెక్క నాది," అన్నాను. అది ధైర్యమని చాలా ఏళ్లు చెప్పుకుతిరిగాను. నిజానికి ఆ పనితనం నాయన ఖాతాలో పడుతుందేమోనన్న దుగ్ధ కూడా అందులో ఉంది.

ఇంజనీరు లేచి చేతులు దులుపుకున్నాడు. పెట్టినవాణ్ణే మూయమన్నాడు. చుక్క కారకుండా మూస్తే సోమవారం వచ్చి పనిలో చేరమన్నాడు.

బురదలోకి దిగాను. ఆ తూము పోతే ఆ ఏడు మా వరికి నీళ్లుండవు. అది నాకు తెలుసు, నాయనకు ఇంకా బాగా తెలుసు. తలెత్తి ఆయన్ను చూడటానికి సిగ్గేసింది. తూములో బంకమట్టి కూరి, పైన తొక్కడం మొదలుపెట్టాను. నాయన కాసేపు చూసి, తనే పారతో మట్టి ఎత్తి నా కాళ్ల ముందు వేశాడు.

"ఏందప్పా ఆ తొక్కేది? మడమేసి గట్టిగా తొక్కు," అన్నాడు. "రేపు చెమ్మ తేలినాదంటే నీ ఉద్యోగం పోతాది."