డ్యూటీ బట్టల బకెట్

కరోనా మొదటి ఏడాది నేను ఆసుపత్రిలో నర్సుని. ముక్కుల్లో, గొంతుల్లో పుల్ల పెట్టి శాంపిల్ తీయడం నా పని. నోరు తెరిచిన మనిషి దగ్గితే ఆ దగ్గు తిన్నగా నా ముఖం మీదికే వచ్చేది. నాకు భయం లేదంటే అబద్ధం. కానీ అసలు భయం ఇంట్లో ఉంది. అమ్మ పోయాక నేనూ నాయనా ఇద్దరమే. ధర్మవరంలో నలభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పట్టుచీరలు నేసిన మనిషి. ఉబ్బసం. నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. అలాంటివాళ్ళు మా వార్డులోకి నడిచి రావడం చూశాను, నడిచి ఇంటికెళ్ళడం చూడలేదు. ఆయనకు అంటుకుంటే తెచ్చిందెవరో అడగక్కర్లేదు.

అందుకే ఇంట్లో నా చట్టం నడిచేది. రెండింటికి డ్యూటీ దిగి పెరటి దోవన వచ్చేదాన్ని. విడిచిన బట్టలు బ్లీచింగ్ పౌడర్ కలిపిన బకెట్లో ముంచి, బకెట్ స్నానాల గది బయట పెట్టి, తలస్నానం చేసేదాన్ని. అర్ధగంట నానాక నేనే ఉతికి ఆరేసేదాన్ని. అంతవరకు నాయన పెరట్లో అడుగు పెట్టకూడదు.

మాకు కొళాయి నాలుగు రోజులకొకసారి. రెండు డ్రమ్ములతో నెట్టుకురావాలి. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయని ఇల్లు మాది. అలాంటిది ఆ వారం మూడో రోజుకే డ్రమ్ము అడుగు కనిపించింది. నాకు ఒళ్ళు మండింది.

“ఏం నాయనా, నీళ్ళు యాడికి పోతాండాయి?”

“ఎండలు గదా పాపా. రొండు మాట్లు పోసుకుంటాండా,” అన్నాడు, నా వైపు చూడకుండా.

ముసలితనం అనుకుని నోటికొచ్చింది అనేశాను.

మర్నాడు సబ్బు మరిచిపోయి, చీర చుట్టుకుని స్నానాల గది తలుపు తీశాను. నాయన బకెట్ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. చేతికి తొడుగు లేదు, మూతికి మాస్కు లేదు. నేను అప్పుడే ముంచిన బట్టల్ని, మందు పని చేయకముందే తీసి పిండుతున్నాడు. పక్కన మరో బకెట్లో కొత్త నీళ్ళు, పౌడరు కలిపి సిద్ధంగా ఉన్నాయి. పిండినవి అందులో వేసి నా బకెట్ ఉన్నచోట పెడితే నాకేం తెలుస్తుంది?

“బుద్ధుండాదా నీకు? ఎన్ని దినాలాయె ఇట్ల?” అని అరిచాను.

“ఎనిమిది దినాలు.” గోడ పట్టుకుని లేచాడు. “పొద్దన్నించి ఆ రోగంలోనే ఉంటావు. ఇంటికొచ్చి మల్లా దాన్నే పిండల్లనా నువ్వు? ఆ పౌడరు పురుగును సంపుతాదో లేదో ఎవురు సూసినారు? నాకేమి, బతికినంత బతికినా.”

ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. దగ్గరికి పోయి ఆయన చేతులు కడగడానికి కూడా లేదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమని దూరం నుంచే కేకలు పెట్టాను.

తర్వాతి రోజుల్లో ఇంట్లో ఉన్నంతసేపూ నాకదే కాపలా. ఆయన గది తలుపుకు చెవి ఆనించి నిలబడేదాన్ని. ఛాతీలో పిల్లికూతలు ఎప్పుడూ ఉండేవే. ఈ కూత పాతదా, కొత్తదా? రుచి పోయిందేమో తెలుసుకుందామని ఒకరోజు పప్పులో ఉప్పు వేయలేదు. బాగుందన్నాడు. నా మనసు నొప్పించకూడదని అన్నాడో, నిజంగానే తెలియలేదో అడిగే ధైర్యం చాలలేదు. నాలుగో రోజు ఆయన ఒళ్ళు వెచ్చబడింది.

ఆసుపత్రికి తీసుకుపోయి, రోజూ రోగులు కూర్చునే కుర్చీలోనే ఆయన్ని కూర్చోబెట్టాను. నోరు తెరిచి నా వైపు చూశాడు. తీసిన పుల్ల మళ్ళీ పక్కన పెట్టేశాను. తోటి నర్సు పుల్ల తీసుకుని ఆయన శాంపిల్ తీసింది. పనిలో పనిగా నాదీ తీసింది.

రెండు రోజులకు ఫలితాలొచ్చాయి. నాయనకు లేదు, మామూలు జ్వరమే. నాకుంది. వినేవాళ్ళకు వింతగా ఉంటుందిగానీ, ఆ రెండు కాగితాలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే వార్డులో చేరి ఇంటికి ఫోన్ చేశాను.

నాయన ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది.

“అన్ని దినాలు నేనే పిండితి గదా పాపా,” అన్నాడు. “నీకెట్ల వచ్చె?”

రోజూ నా ముఖం మీద పడే దగ్గును ఆయన పిండలేడని చెప్పకుండా, ఉబ్బసం మందు మరవొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను.