దొర తిన్న భోజనాల బల్ల

ఫొటో చూసి వెల కట్టకూడదని మా వేలం దుకాణంలో కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్తాం. చెప్పేది నేనే. అయినా చోడవరం నుంచి సన్యాసిరావుగారు పంపిన ఫొటోలో గుమ్మడికాయల్లాంటి కాళ్ళున్న భోజనాల బల్లని చూడగానే ఒళ్ళు మరిచిపోయి, "రెండు వందల ఏళ్ళనాటి ఇంగ్లీషు ఓక్ చెక్క బల్ల. ఐదు వేలకి తక్కువ పోదు. చూడ్డానికి వస్తున్నాను" అని ఉత్తరం రాసి పడేశాను. పోస్టు చేశాక భయం పట్టుకుంది. డెబ్భై రెండు జనవరిలో ఆ భయాన్ని వెంటబెట్టుకునే బయల్దేరాను.

వాల్తేరులో ఆరున్నర పాసెంజరెక్కి ఎనిమిదికి అనకాపల్లిలో దిగాను. స్టేషను బయట రెండిడ్లీ, కాఫీ. ఎనిమిదీ ఇరవైకి చోడవరం బస్సు. చెరకు ఆడే రోజులు కావడంతో ఫ్యాక్టరీకి పోయే బళ్ళ వెనక బస్సు కూడా ఎడ్లలాగే నడిచింది. పక్కనున్న రైతు నా సంచీలోకి తొంగి చూశాడు.

"పట్టపగలు టార్చిలైటేటి బాబూ?"

"బల్ల కింద దూరాలి."

"ఏటి, ఏదైనా పడిపోనాదేటి?"

నా పరువు పడిపోయేలా ఉందని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

పదింటికి చోడవరంలో వాళ్ళిల్లు చేరాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన సన్యాసిరావుగారు గుమ్మంలోనే, "వచ్చేరా? సూడ్డానికింకేటీ మిగల్లేదు లెండి" అన్నారు. ఆయన భార్య నరసమ్మగారు వంటింటి తలుపు వెనక నిలబడి ఉన్నారు.

బల్ల పాలిపోయి ఉంది. ఫొటోలోని నిగనిగ ఎక్కడా లేదు.

సంగతి ఇదీ. ఊరొదిలి పోతున్న ఒక తెల్లదొర దగ్గర ఆ బల్లనీ ఆరు కుర్చీల్నీ సన్యాసిరావుగారి తండ్రి కొన్నారు. దొర మాంసం తిన్న బల్ల కాబట్టి ఆ ఇంట్లో దానిమీద ఎవరూ అన్నం తినలేదు, కాయితాలు పెట్టుకునేవారు. పట్నం నుంచి వచ్చే మనిషికి దానిమీదే వడ్డిద్దామని నరసమ్మగారు పసుపునీళ్ళు చల్లి, చింతపండూ బూడిదా వేసి కొబ్బరిపీచుతో ఇత్తడి బిందెలా తోమేశారు.

"ఐదు వేల బల్ల బాబూ. సేతులారా సెడగొట్టేసేను," అన్నారావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నాలుగు రోజులై ఈయన నాతో మాటాడ్డం లేదు."

నా ఉత్తరమే ఇంత చేసింది. సిగ్గుతో బల్ల కిందికి దూరాను. నిజంగా పాతదైతే కాళ్ళ మధ్య అడ్డకర్ర తరతరాల పాదాల రాపిడికి అరిగుండాలి. ఇది చెక్కిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. స్క్రూలు పాతకాలంలోలా చేత్తో చేసినవి కావు, అన్నీ ఒక్కలాంటివి, మిషను మీద చేసినవి. మూలన కత్తితో గీరితే గుప్పున టేకు వాసన. చివరికి ఒక కాలు వదులు చేసి లాగాను. కాలి పైకొన మీదా, అది దూరే తొర్రలోనూ ఉలితో చెక్కిన తెలుగు అంకె, ౧. రెండో కాలికి ౨. ఏ కాలు ఏ తొర్రలోదో తెలియడానికి మన వడ్రంగులు వేసుకునే గుర్తులవి. బల్ల కిందే పడి నవ్వుకున్నాను.

"తప్పు నాదండీ," అన్నాను బయటికొచ్చి. "ఇది ఇంగ్లండు బల్ల కాదు. అక్కడి పాతకాలపు తీరు చూసి, మన వడ్రంగే ఎవరో ఆ దొర కోసం టేకుతో చేశాడు. యాభై ఏళ్ళు కూడా ఉండవు. కుర్చీలతో కలిపి ఎనిమిది వందలు చేస్తుంది. అసలైన పాతదైతే పై మెరుగు పోతే సగం వెల పోయేది. దీనికి పోయింది లక్క పాలిషు ఒక్కటే. మళ్ళీ వేయిస్తే ఎప్పటిలా ఉంటుంది."

తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను.

"అయితే నాను పాడుసెయ్యలేదా బాబూ?" అన్నారు నరసమ్మగారు.

"లేదమ్మా."

ఆవిడ గోడకి చేరబడి ఏడ్చేశారు. సన్యాసిరావుగారు బల్లని నిమిరి, "ఐదు వేలు రాకపోతే మానె" అన్నారు.

పన్నెండున్నరకి ఆ బల్లమీదే ఆకులు వేశారు. రెండే వేస్తుంటే ఆయన మూడో కుర్చీ లాగారు. "నువ్వూ కూకో." ఆవిడ భయంభయంగా అంచున కూర్చున్నారు. పప్పు కలిపి మొదటి ముద్ద తిన్నారాయన.

"ఉప్పెక్కువైందే."

"నాలుగు రోజులై అలాగే ఉన్నాది," అన్నారావిడ. "ఇయ్యాళ సెప్తన్నారు."

మూడింటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బల్ల అమ్మరట. కమీషను లేదు, మా మేనేజరు చేతిలో చివాట్లు ఖాయం. అయినా అంత తేలికైన మనసుతో నేనెప్పుడూ ఇంటికి తిరిగి రాలేదు. ఒళ్ళో పెట్టుకుని రిపోర్టు పూర్తి చేశాను. వెల, ఎనిమిది వందలు. 'పాడైనవి' అన్న గడిలో, బస్సు కుదుపులకి అక్షరాలు వంకర పోతున్నా, ఏమీ లేవని రాశాను.