నేను సముద్రానికి తెప్పించిన జ్వరం

సముద్రానికి జ్వరమొచ్చిందని ఈ లోకంలో మొదట కనిపెట్టినవాణ్ణి నేనే. సుజాతక్క ఈ కథను పెళ్లిళ్లలో తనకు తోచినట్టు చెబుతోంది. ఒక్కోసారి నన్ను నీళ్లలోకి తోసేస్తోంది కూడా. అందుకే అసలు ఘోరం ఎలా జరిగిందో నేనే రాసిపెట్టక తప్పడం లేదు.

సుజాతక్క మా పెద్దమ్మ కూతురు. తిరుపతిలో పరిశోధన చేసేది. సముద్రపు నీటికి జానెడు పైన గాలి ఎంత వేడిగా ఉందో, అందులో తేమ ఎంతో కొలవాలి. సూళ్లూరుపేట అవతల పడవ దొరికింది ఒక్కరోజుకే. లెక్కలు కుదరకపోతే పట్టా మరో ఏడాది వెనక్కి పోతుంది.

"తోడొస్తానక్కా. లైబ్రరీలో వాతావరణం బీరువా మొత్తం చదివేసినాను" అన్నాను. మా వడమాలపేట దాటి ఎరగనని, సముద్రం మొహమే చూడలేదని మాత్రం చెప్పలేదు.

పడవ కదలగానే అక్క కళ్లు తిరిగి పడుకుంది. యంత్రం నా చేతికొచ్చింది. పొడవాటి కర్ర కొసన అగ్గిపెట్టెంత పరికరం. కర్రను నీటి మీదికి చాచి, కాసేపు ఆగి, వెనక్కి లాగి వెంటనే అంకెలు చదవాలి. అంతే.

మధ్యాహ్నానికి అంకెలు చూసి కేక పెట్టాను.

"అక్కా! సముద్రం కాలిపోతా ఉండాది!"

అక్క దిగ్గున లేచి, నేను రాసిన కాగితం లాక్కుంది. "ముప్పై అయిదు డిగ్రీలు, తేమ దాదాపు నూరు! రేయ్ శీనా, ఇది మనిషి ఒంటి వేడి మాదిరి ఉండాదే!"

"పుస్తకాల్లో లేనిది మనకు దొరికిందేమో!" అన్నాను. అప్పటికే నా భుజం మీద శాలువా కప్పేస్తున్నారు, ఊహలో.

పడవ నడిపే ఆరుముగం నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. "సల్లగానే ఉండాది గదమ్మా."

అక్క కాగితం మీద ఒక అంకె దగ్గర వేలు పెట్టింది. "మరి ఈ ఒక్కటి మాత్రం సరిగ్గా ఉండాదే? అప్పుడేం చేస్తా ఉండినావు?"

"పులిహోర తింటా ఉండినాను."

"మిగతా అప్పుడు?"

నేను ఆలోచించేలోగా ఆరుముగం అందుకున్నాడు. "సదివే ముందర మంత్రమేసినట్టు ఊదినాడు గదమ్మా, ప్రతిసారీ. పెద్ద సదువుల్లో అట్నే సేస్తారేమో అనుకుంటి."

అక్క నా వైపు తిరిగింది.

"ఊ...దినావా?"

"ఉప్పు చుక్కలు కొలతను చెడుపుతాయని చదివినానక్కా..."

"ఊపిరి చెడపదని యా పుస్తకంలో చదివినావురా? పొద్దున్నించి నువ్వు కొలిచింది సముద్రాన్ని కాదు, నీ నోటిని!"

తర్వాత అక్కకు కళ్లు తిరగడం ఆగిపోయింది. కోపం అంత మంచి మందు. డబ్బాలో మిగిలిన పులిహోర అంతా నా నోట్లో కుక్కి, "మింగినావంటే తోసేస్తా" అంది. బూరెల్లాంటి బుగ్గలతో, ముక్కు పడమటికి తిప్పి, పొద్దు వాలేదాకా కొలిచాను. అంకెలు కుదిరాయి. పట్టా కూడా సమయానికే వచ్చింది.

కొలిచే పరికరం ఏది కనబడినా, చివరికి మా ఇంటి జ్వరం పుల్ల అయినా సరే, దాని దగ్గర నోరు తెరవనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సాక్ష్యం చెప్పిన ఆరుముగానికి, తోసెయ్యకుండా ఆగిన సుజాతక్కకు, పులిహోర కట్టిచ్చిన రాజమ్మ పెద్దమ్మకు నా కృతజ్ఞతలు.

అక్క కూడా తన పరిశోధన గ్రంథంలో నాకు కృతజ్ఞతలు అచ్చువేయించింది: "నోరు మూసుకుని సహకరించిన తమ్ముడు శీనయ్యకు."