టీచర్ గొంతు నా ఇంట్లో ఉన్నప్పుడు

పోయిన నెల ఒక బుధవారం పొద్దున కామారెడ్డిలో నా దుకాణం షట్టరు ఎత్తుతుండగా ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా టీచర్ భర్త. "తమ్మీ, టీచర్ పోయింది. తెల్లారంగ," అన్నారు. "మధ్యాహ్నం దాకా ఉంచుతం, నిమ్మళంగ రా," అని ఆయనే ఫోన్ పెట్టేశారు. ఎత్తిన షట్టరు మళ్ళీ దించేశాను.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాసే అర్హత నాకు లేదనుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట తప్పు కాదు. అయినా రాస్తున్నాను. ఆమె చేసిన పనికి ఆనవాలు లేకుండా చేసింది నేనే కనుక, ఆ పని జరిగిందని సాక్ష్యం చెప్పాల్సింది కూడా నేనే.

ఎల్లారెడ్డి హైస్కూల్లో ఆమె మాకు తెలుగు చెప్పారు. ఎప్పుడూ బుగ్గన పటికబెల్లం ముక్క ఒకటి ఉండేది. ఒక్కొక్కరినీ నిలబెట్టి పాఠం పైకి చదివించేవారు. తొందరగా ముగించి కూర్చుందామని నేను గబగబా చదివితే పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఉరుకకురా. చదివేటోడు ఉరికితే వినేటోడు ఎన్కబడ్తడు," అనేవారు. అప్పట్లో నాకది మందలింపు మాత్రమే.

ఆమె రిటైరైంది 2010 ఎండాకాలంలో. ఆ ఏడాదే, ఆమె దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి కామారెడ్డిలో ఇంటర్ చేరింది. పెద్దకొడప్‌గల్ దగ్గరి పిల్ల, పుట్టు అంధురాలు. పదో తరగతి అంతా విని, గుర్తుపెట్టుకుని పాసైంది. ఇంటర్ పుస్తకాలు చదివి వినిపించే మనిషి దొరకక టీచర్ ఇంటికి వచ్చింది. టీచర్ వారం రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివారు. ఆ తర్వాత నాకు కబురు పెట్టారు. నేను కంప్యూటర్లు రిపేరు చేసేవాణ్ణి. ఒక పాత కంప్యూటరు, ఒక మైకు తీసుకుపోయి ఆమె ముందుగదిలో అమర్చి, రికార్డు చేయడం నేర్పాను. పదిహేను నిమిషాల్లో నేర్చుకున్నారు.

అప్పటినుంచి రెండేళ్ళు ఆమె చదివారు. చరిత్ర, పౌరశాస్త్రం, తెలుగు, అర్థశాస్త్రం. విషయం తెలిసి ఇంకా పిల్లలు వచ్చారు, మొత్తం పదకొండు మందయ్యారు. నెలకోసారి నేను వెళ్ళి కొత్త పాఠాలు తెచ్చి వాళ్ళ ఫోన్ల మెమరీ కార్డుల్లో ఎక్కించేవాణ్ణి.

ఆమె చదివే తీరు చూసి తీరాలి. ఫ్యాను చప్పుడు పడుతుందని ఎండాకాలంలో కూడా ఆపేసేవారు. బస్సుల హారన్లు వినపడకుండా కిటికీ మూసి, మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని కూర్చునేవారు. పక్కింటి కుక్కరు కూత వేస్తే ఆగి, ఆ వాక్యం మొదటినుంచి మళ్ళీ చదివేవారు. పుస్తకంలో పటం వస్తే మామూలుగా చదివేవాళ్ళు దాటేస్తారు. ఆమె దాటరు. "మీ కుడి అరచెయ్యి బోర్లించి బల్ల మీద పెట్టుండ్రి. నడిమి వేలి కొస హిమాలయం అనుకోండ్రి. మణికట్టు కాడ సముద్రం," అని పటాన్ని వాళ్ళ చేతి మీదే గీసేవారు. నేను కళ్ళున్నవాణ్ణి. నది ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు పోతుందో అప్పుడు అర్థమైంది నాకు.

ఇక నా గొప్ప. కంప్యూటరు పోతే పాఠాలు పోతాయి కదా, బ్యాకప్ సర్వర్ పెడతానన్నాను. అంతర్జాలంలో చదివి నేర్చుకున్న విద్య. నాలుగు డిస్కులు పట్టే స్టోరేజీ పెట్టె ఒకటి తెచ్చి మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టాను. సర్వర్ కోసం వేరే యంత్రం కొనలేదు. ఆ పెట్టెలోనే వర్చువల్ మెషిన్ తయారుచేశాను, అంటే ఒక కంప్యూటర్ లోపల ఉత్తుత్తిగా నడిచే ఇంకో కంప్యూటర్. బ్యాకప్ అంతా దాని చేతికిచ్చాను. అది పాఠాలను ముక్కలు ముక్కలు చేసి, తాళం వేసి, అదే పెట్టెలోని డిస్కుల మీద దాచేది. ఏ ముక్క ఎక్కడుందో దానికే తెలుసు. తాళంచెవి కూడా దాని దగ్గరే. అదేమో ఆ పెట్టెలోనే ఉంది. తప్పెక్కడుందో చదువుతున్న మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. నాకు రెండేళ్ళు తెలియలేదు. ఒక డిస్కు చెడిపోయినా ఏమీ కాదని వచ్చినవాళ్ళందరికీ ఆ పెట్టెను చూపించేవాణ్ణి.

కొన్నాళ్ళకు టీచర్ కంప్యూటరు నిండిపోయింది. ఆ రోజు మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఇవన్ని సీడీలల్ల గూడ ఎక్కియ్యరాదురా? ట్రంకుపెట్టెల పెట్టుకుంట," అన్నారు.

"సీడీలు గీతలు పడ్తయి టీచర్. పాతకాలం అది. సర్వర్ల ఉంటే ఎప్పటికీ ఉంటయి."

"మరి ఈ కంప్యూటర్లకెల్లి తీసేస్తే పోవు గద?"

"ఎట్ల పోతయి? అన్నీ మా ఇంట్ల ఉన్నయి."

"మీ ఇంట్ల ఉన్నయంటే నేనొచ్చి చూడను గదా. నువ్వన్న అప్పుడప్పుడు ఒకటి తీసి విను."

"వింట టీచర్," అన్నాను.

ఆమె ఎదురుగానే పాఠాలన్నీ ఆ కంప్యూటర్‌లోంచి తుడిచేశాను. ఆ తర్వాత కొత్తవి కూడా తెచ్చుకున్న వెంటనే అక్కడ తుడిచేసేవాణ్ణి. అప్పటినుంచి మా ఇంట్లో ఉన్నది నకలు కాదు, ఉన్నదే అదొక్కటి. నేను మాత్రం దాన్ని బ్యాకప్ అనే పిలుస్తూ వచ్చాను. ఫోన్లలో జాగా చాలట్లేదన్న పిల్లలకు కూడా, పరీక్ష అయిపోయిన పాఠాలు తీసేసుకోండి, కావాలంటే మళ్ళీ ఇస్తానని చెప్పాను. ఇక తీసి వినడమంటారా, ఒక్కసారి కూడా వినలేదు. పెట్టె మీద ఆకుపచ్చ లైటు వెలుగుతుంటే చాలనుకున్నాను.

2011లో ఒక సంఘం వాళ్ళు కామారెడ్డి ఫంక్షన్ హాల్లో నాకు శాలువా కప్పారు. అంధ విద్యార్థులకు సాంకేతిక సేవ చేశానట. సర్వర్ గురించి నేను మైకులో చాలాసేపు మాట్లాడాను. టీచర్ మూడో వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నారు. ఆమెను వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. పిలవమని నేను అడగలేదు. బయటికొచ్చాక ఆమె, "మంచిగ మాట్లాడినవు. జర ఉరికినవు," అని మాత్రం అన్నారు.

2012 ఎండాకాలం. ఆమె ఆఖరి పుస్తకం ఆఖరి పాఠం చదివి నాకిచ్చారు. వారం తిరగలేదు, మా వీధిలో పోయిన కరెంటు ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వచ్చింది. మా ఇంట్లో రెండు బల్బులు పేలాయి. యూపీఎస్ బ్యాటరీ మార్చాలని తెలిసీ రేపు మాపు అంటూ జరిపాను. స్టోరేజీ పెట్టె ఆగి మళ్ళీ లేచింది, లైట్లన్నీ ఆకుపచ్చగానే వెలిగాయి. లోపలి వర్చువల్ మెషిన్ మాత్రం లేవలేదు. రెండు రోజులు తిప్పలుపడ్డాను. దాని ఫైలే చెడిపోయింది.

డిస్కులు నాలుగూ సంచిలో వేసుకుని హైదరాబాద్ పోయాను. పోయిన డేటా తీసే దుకాణం అతను అన్నీ పరీక్షించి, "డిస్కులు మంచిగనే ఉన్నయి అన్నా. డేటా ఉన్నది. తాళం ఏసి ఉన్నది. చెవి ఏది?" అన్నాడు.

"ఆ సర్వర్లనే ఉండె."

"సర్వర్ ఎక్కడుండె?"

"ఈ డిస్కుల మీదనే."

అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది. డిస్కులు తిరిగి సంచిలో పెట్టి నా వైపు జరిపాడు.

టీచర్‌కు చెప్పాలి. చెప్పలేదు. కొత్తగా చేరబోయే పిల్లలు అడుగుతున్నారని ఆమె ఫోన్ చేశారు. "పాతయి జర ఎక్కించి ఇయ్యిరా," అన్నారు. సర్వర్ రిపేర్‌లో ఉందన్నాను. నాలుగు రోజులకు మళ్ళీ చేశారు. గొంతు బొంగురుగా ఉంది. పట్టేసిందేమో అనుకున్నాను కాని అడగలేదు, అడిగితే మాట పెరుగుతుందని భయం. సామాను రావాలి టీచర్ అన్నాను. ఈలోపు పదకొండు మంది ఫోన్లూ తెప్పించుకుని వెతికాను. సినిమా పాటలున్నాయి, పాఠాలు లేవు. నేను తీసేయమన్నానని తీసేశారు. అట్లా మూడు వారాలు అబద్ధం మీద అబద్ధం చెప్పాను.

చివరకు ఒక సాయంత్రం ఎల్లారెడ్డి బస్సెక్కాను. నేను పోయేసరికి ముందుగదిలో, తలుపు పక్కన బట్టల సంచి ఒకటి సర్ది ఉంది. దాని మీద ఆసుపత్రి కవరు. చూశాను గాని అదేమిటని అడగలేదు. నిలబడే చెప్పేశాను.

"ఎన్ని పోయినయ్?"

"అన్ని టీచర్."

"నువ్వు ఎన్నడన్న ఒక్కటి తీసి విన్నవా?"

"లేదు."

"రెండేండ్లల్ల?"

ఆమె తిట్టలేదు. లేచి ఫ్యాను ఆపారు. కిటికీ మూశారు. పుస్తకం తీసి మైకు ముందు కూర్చున్నారు. రెండు వాక్యాలు చదివారు. మూడో వాక్యానికి గొంతు రాలేదు, గాలి వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించారు. అంతే. పుస్తకం మూసి, గుసగుసగా, "ఇది పిల్లలకు వద్దు. తీసెయ్," అన్నారు. నేను ఆ రెండు వాక్యాలూ తుడిచేశాను. ఆమె మాట నేను తప్పకుండా విన్నది అదొక్కటే.

వాళ్ళాయన బస్టాండు దాకా నాతో నడిచారు. సగం దూరం వచ్చాక చెప్పారు. "గొంతుల గడ్డ ఉన్నది తమ్మీ. రేపు హైదరాబాద్ పోతున్నం, ఎల్లుండి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తరట. డాక్టర్ ఎప్పుడో రమ్మన్నడు. పుస్తకాలన్ని కానీ అని టీచరే ఆగింది. ఆఖరి పాఠం నీకిచ్చినంక తారీకు తీసుకున్నది. ఆ దినం మంచిగనే మాట్లాడుతుండె." ఇంకొంచెం నడిచి ఆగారు. "నువ్వు మొదటి దినమే చెప్తే మూడు వారాలుండె. కొన్నన్న చదివేది."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ మూడు వారాల్లో ఆమె ఉన్న గొంతంతా నాకు ఫోన్ చేయడానికి వాడారు. నేను దాన్ని అబద్ధాలు వింటూ ఖర్చు చేశాను.

ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట లేదు. మెడ దగ్గరి రంధ్రం గుండా ఊపిరి తీసుకునేవారు. రెండు నెలలకు వాళ్ళాయన ఫోన్ చేసి, ఆమె రమ్మంటున్నదన్నారు. వెళితే ఆమె పలక మీద రాసి చూపించారు: "కూసో. నువ్వు చదువు."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఎల్లారెడ్డికి పోయేవాణ్ణి. నేను చదివేవాణ్ణి, ఆమె ఎదురుగా కూర్చుని పుస్తకంలో వేలు పెట్టి వినేవారు. తప్పు చదివితే పెన్నుతో బల్ల మీద కొట్టేవారు. మళ్ళీ చదవాలి. "భాష"ను "బాష" అంటే ఒక దెబ్బ. కామా దాటితే ఒక దెబ్బ. మొదటి ఆదివారం ఒక్క పేజీకి గంట పట్టింది. పటం వచ్చినప్పుడు నేను దాటేయబోతే పెన్ను పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని బల్ల మీద బోర్లించి, ఒక్కొక్క వేలూ ముట్టి చూపించారు. నేను చెప్పాను. ఆమె చెప్పినంత బాగా రాలేదు. ఆమెకది తెలుసు. నాకూ తెలుసు.

ఒకరోజు ఉండబట్టలేక, నన్ను మాఫ్ చేసిండ్రా టీచర్ అని అడిగాను. పలక తీసుకుని రాశారు: "చేస్తే పని ఆపేస్తవు. చదువు."

రెండేళ్ళలో పుస్తకాలన్నీ మళ్ళీ పూర్తి చేశాం. ఇప్పుడు ప్రతి పాఠం అయిదు చోట్ల ఉంది, ఆమె పట్టుబట్టినట్టు సీడీల్లో కూడా. తాళాలు లేవు. వారానికొకటి తీసి పూర్తిగా వింటాను. వినపడేది నా గొంతు. అది నాకు నచ్చదు. పిల్లలకూ పెద్దగా నచ్చదని వాళ్ళ మాటల్ని బట్టే తెలుస్తుంది. వేరే దిక్కు లేక వింటారు.

టీచర్ పదకొండో రోజు కర్మ అయ్యాక కామారెడ్డిలో ఒక కళాశాల గదిలో సంతాప సభ పెట్టారు. ముందు వరుసంతా ఆ పిల్లలే, పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ. కొత్తవాళ్ళెవరూ ఆమెను ఎన్నడూ వినలేదు. సభ నడుపుతున్న లెక్చరర్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, టీచర్ చదివిన పాఠం ఒకటి పెట్టు. రెండు నిమిషాలు చాలు. పిల్లలకు గూడ చెప్పినం, స్పీకర్ తెప్పించినం."

"లేదు," అన్నాను.

"తేలేదా? ఫోన్ల ఉంటది చూడు."

"ఎక్కడా లేదు."

అతను నన్ను అర్థంకానట్టు చూసి, మైకు దగ్గరికి పోయాడు. "అందరం రెండు నిమిషాలు లేచి నిలబడదాం," అన్నాడు. కుర్చీలు కదిలాయి. పెద్దవాళ్ళందరం చేతులు కట్టుకుని తలలు వంచుకున్నాం. ముందు వరుసలో పిల్లలు కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచారు. వాళ్ళు తలలు వంచలేదు. పాఠం మొదలవుతుందనుకుని ముఖాలు పైకెత్తి, స్పీకర్ ఉన్న వైపు తిరిగి, చెవులు రిక్కించి నిలబడ్డారు.