బాబాయి ఫోటోకి నేను రాసిన నియమం

మొన్న మా మేనకోడలు తను కడుతున్న వెబ్ పేజీ తెచ్చి నా ముందు పెట్టింది. శీర్షిక ఎర్రగా ఉండాలని రాస్తే నీలంగానే ఉంటోందట. "స్టైల్ షీట్ నా మాట వినట్లేదత్తా" అని మూతి ముడిచింది. పేజీలో ఏది ఎలా కనపడాలో చెప్పే నియమాల చిట్టా అది. ఎలా వింటుందే, అక్కడా పెద్దరికాలున్నాయి అన్నాను. సరిసమానమైన రెండు నియమాలు తగువు పడితే తర్వాత రాసినదే నెగ్గుతుంది. ఫలానా బొమ్మకని ఆ బొమ్మ మీదే రాసింది ఆ రెంటినీ తోసేస్తుంది. 'ఇంపార్టెంట్' అన్న మాట తగిలించిన నియమం దాన్నీ కాదంటుంది. చెబుతూ ఉంటే నాకే నోరు చేదెక్కింది.

బచేలిలో ఇనప గనుల పని జోరుగా సాగే రోజుల్లో, ఒక కాంట్రాక్టు సంస్థకి నేను వెబ్ పేజీలు చూసేదాన్ని. పొద్దున కీబోర్డు మీది ఎర్ర దుమ్ము తుడవడం, సాయంత్రందాకా హిందీలో చీవాట్లు తిని తెలుగులో విసుక్కోవడం, అదీ ఉద్యోగం. మా బాబాయి అక్కడే జీపు డ్రైవరు. ఒక వానాకాలం ఘాట్ రోడ్డులో జీపు లోయలో పడి ఆయనా, వెనక కూర్చున్న ఇంజనీరు గారూ కలిసే పోయారు. నివాళి పేజీ నన్నే కట్టమన్నారు. ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన, ఒకే కొలతలో పెట్టాను. తీరా చూస్తే ఇంజనీరు గారు ఒక్కరే ఉన్నారు. పర్మినెంటు కానివాళ్ళ ఫోటోలు కనపడకూడదని హెడ్డాఫీసు స్టైల్ షీట్‌లో నియమం ఉంది మరి.

నేను బాబాయి ఫోటో మీదే 'కనపడాలి' అని రాశాను. కనపడ్డాడు. సంవత్సరీకం నాడు నెట్ సెంటర్‌కి వెళ్ళి చూడమని పిన్ని పార్వతీపురంలో తన అన్నదమ్ములకి కబురు పెట్టింది. అంతలో పైవాళ్ళు తమ నియమానికి 'ఇంపార్టెంట్' తగిలించారు. నేనూ తగిలించాను. ఫోటో మీదే రాసినది కనక మళ్ళీ నాదే నెగ్గింది. మర్నాడు పేజీ మార్చే నా పాస్‌వర్డ్ పనిచేయలేదు, నేను రాసిన నియమాన్నీ చెరిపేశారు. "ఊపర్ సే ఆర్డర్ హై, దీదీ" అన్నాడు మేనేజరు, తలెత్తకుండా. పైనుంచి ఆర్డరట. అన్నిటికన్నా పై నియమం అదని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

సంవత్సరీకం నాడు పిన్ని ఆఫీసుకే వచ్చింది. తెర మీద ఇంజనీరు గారు, పక్కన ఖాళీ. "ఫోటో తీసెయ్యలేదు పిన్నీ, పేజీలోనే ఉంది. కనపడకుండా చేశారంతే" అన్నాను, అదేదో ఓదార్పయినట్టు.

"ఉన్నాడు గానీ అగుపడడు, అంతేనేటే? బతికున్నన్నాళ్ళూ ఆలకి అగుపడ్నేదు, ఇప్పుడగుపడతాడేటి!" అని కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

కొన్నేళ్ళకి ఆ సంస్థ మూటాముల్లే సర్దుకుంది. సైటూ పోయింది, ఇంజనీరు గారి ఫోటో కూడా పోయింది. కాలం ముందు అందరూ ఒకటే అంటారు. ఏం ఒకటి? మా బాబాయిని చెరిపెయ్యడానికి కాలం వచ్చేదాకా కూడా ఆగలేదు వాళ్ళు.