పిలిచిన పిట్టలు

సత్తెనపల్లి బస్టాండు పక్క వీధిలో పురుగుమందుల కొట్లు వరసగా ఉంటాయి. అటు వెళ్ళినప్పుడు ఆ ఘాటు ముక్కుకు తగిలిందంటే ఇప్పటికీ నా నడక పరుగవుతుంది. నలభైకి దగ్గర పడ్డ మనిషి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దొంగలా పారిపోతుంటే కొట్లవాళ్ళు వింతగా చూస్తారు. ఏం చేయను, ఆ వాసనంటే నాకు భయం.

తొంభైల చివర మా ఊళ్ళో దసరా సెలవులంటే వంటింట్లో బూరెలు వేగే వాసన, వసారాలో మందు డబ్బాల వాసన కలగలిసి ఉండేవి. పత్తి నడుము దాకా పెరిగి, పసుపుపచ్చటి పూలు విచ్చి, కాయ కట్టే వేళకు పచ్చపురుగు దిగేది. కాయకు చిల్లు పెట్టి, తల లోపలికి దూర్చి, మిగతా ఒళ్ళంతా బయటే ఉంచుకుని తాపీగా తినే ఆ పురుగును చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. పెద్దవాళ్ళ భయం వేరు. పంట పోయిన ఇళ్ళల్లో ఆ డబ్బాలతో ఏం జరుగుతోందో పిల్లలకూ తెలుసు. నాన్న చేలోంచి రావటం ఆలస్యమైతే అమ్మ ముందు వసారాలోకి పోయి డబ్బాలు చూసుకునేది.

ఆ ఏడు ఊళ్ళోకి వచ్చిన వ్యవసాయాధికారి ఒకాయన, చేలో అక్కడక్కడా అడ్డకర్ర కట్టిన గెడలు పాతి, వాటి కింద పసుపన్నం చల్లితే పిట్టలు వచ్చి పురుగుల్ని తింటాయని చెప్పాడు. నాయనమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇంటికి చుట్టాలు వస్తున్నట్టు రోజూ పెందలాడే లేచి పసుపన్నం వండేది. నేను పళ్ళెంలో పట్టుకెళ్ళి, గరిటెతో టంగుటంగుమని కొడుతూ గెడల కింద చల్లేదాన్ని. మొదట గోరింకలు వచ్చాయి. తర్వాత చీలిన తోకతో నల్లగా నిగనిగలాడే పసులపోలిగాళ్ళు వచ్చి, గెడ కొసన కూర్చుని, గాల్లోకి లేచి పురుగును పట్టి మళ్ళీ అక్కడే వాలేవి. పోనుపోను పళ్ళెం చప్పుడు వినపడితే చాలు, అన్నీ నా చుట్టూ మూగేవి. నేనేదో మహారాణినన్నట్టు మురిసిపోయేదాన్ని.

అయినా పురుగు ఆగలేదు. ఒక పొద్దున గట్టు మీద నాన్న డ్రమ్ములో మందు కలుపుతుంటే నాయనమ్మ ఎదురుగా నిలబడింది.

“అన్నం పెట్టి పిలిచాం కదరా వాటిని! ఇప్పుడు విషం పెడతావా?”

“పిట్టల కోసం చేను వదిలేయమంటావా?” అన్నాడు నాన్న.

“వదిలేయమన్నానా? అవీ ప్రాణాలేగా. ముందు వాటిని తోలి, ఆనక కొట్టుకో.”

తోలే పని నాకు పడింది. తొందరలో నాయనమ్మ ఆ పళ్ళెమే, ఆ గరిటే నా చేతిలో పెట్టింది. చేలోకి దిగి శక్తికొద్దీ కొట్టాను. ఎగిరిపోతాయనుకుంటే, పక్క చేలల్లోవి కూడా లేచి నా మీదికే వచ్చాయి. గెడల మీద బారులు తీరి, మెడలు వంచి పళ్ళెం వైపు చూశాయి. ఇంకా గట్టిగా కొట్టాను, ఇంకొన్ని వచ్చాయి. అప్పుడు పట్టుకుంది భయం. పొమ్మని అరిచాను, మట్టిబెడ్డలు విసిరాను. ఒక గెడ మీంచి లేచి ఇంకో గెడ మీద వాలాయే తప్ప, నన్ను చూసి ఒక్కటీ బెదరలేదు. గట్టు మీద మందు కొట్టే పంపు మోటారు బర్రుమనేసరికి పళ్ళెం పడేసి, చెవులు మూసుకుని, సాలులో కూలబడి ఏడ్చాను.

మోటారు ఆగింది. నాన్న వీపు మీది పంపు దించి చేలోకి వచ్చి, నా వైపు చూడకుండా ఒక్కో గెడనూ ఊపి పెరికాడు. అన్నిటినీ గట్టు మీద పడేసి, “ఇంక వాటిని పిలవొద్దు తల్లీ” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పిట్టలు కాసేపు గాల్లో గిరికీలు కొట్టాయి. వాలే చోటు లేక అవతలి మిరప చేలో దిగాయి. అక్కడ నిన్ననే మందు కొట్టారు. చెబుదామని నాన్న వైపు తిరిగాను. ఆయనా అటే చూస్తున్నాడు.

ఇప్పుడు మందు డ్రోను కొడుతోంది. నాయనమ్మ పోయింది. చేలో పిట్టలకు పసుపన్నం చల్లేవాళ్ళమని చెబితే మా ఊరి పిల్లలు నవ్వుతారు. మొన్న వెళ్ళినప్పుడు పొద్దున్నే గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. పత్తి బాగానే ఉంది. తోలటానికి కూడా ఒక్క పిట్ట లేదు.