కళాయి పోయిన గిన్నె

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో, అక్కడి నుంచి హైదరాబాద్‌కు రైలులో మనవరాలితో పోయాను. దానికి బొమ్మలు నేర్పే కాలేజీలో సీటు కావాలి. తను వేసిన వాటిలో మంచివి పది ఆ సాయంత్రంలోగా అక్కడ ఇవ్వాలట. రైలులో కూర్చున్నాక ఆ కట్ట విప్పి చూశాను. అన్నిటికన్నా పైన నేనే ఉన్నాను. చాటలో బియ్యం ఏరుతున్నాను. కొంగు జారి, రైక చేతికి వేసిన అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"ఏందే ఇది? నలుగురి ముందల నా పరువు తీస్తవా?" అన్నాను.

"అవ్వా, నా బొమ్మలల్ల గిదే మంచిగొచ్చింది. ఇది తీసేస్తే సీటు రాదు."

"రాకుంటే రాకపాయె."

బొమ్మను మడత పడకుండా తీసి నా సంచిలో పెట్టుకున్నాను. కాగితం ఖరాబు చేయడం నాకు చేతకాదు.

కాలేజీవాళ్లు మధ్యాహ్నం గానీ తీసుకోరని, అందాకా మ్యూజియం చూద్దామంది మనవరాలు. బొమ్మలు చూడటానికి టికెట్టేమిటని గొణిగాను గానీ లోపలికి పోయాక టికెట్టు సంగతే మరిచిపోయాను. ఫ్రాన్సు దేశం వాళ్లు నూటయాభై ఏండ్ల కింద వేసినవట, గది నిండా. ఒకామె పట్టు గౌను మడతలు చూస్తే వేళ్లతో పట్టి నాణ్యం చూడాలనిపించింది. ఇంకో బొమ్మలో నీళ్లు తాగుతున్న ఆవుల మూతులు ఇంకా తడిగానే ఉన్నాయి. నేను చదివింది మూడో తరగతి. పలక మీద సున్నా కూడా గుండ్రంగా రాయలేదు. ఎండిపోయిన రంగులో తడి ఎట్లా నిలిపారో అంతు చిక్కలేదు.

మూలన చిన్న బొమ్మ ఒకటి. బల్ల మీద రాగి గిన్నె, పక్కన మూడు ఉల్లిగడ్డలు. అంతే. గిన్నె లోపలికి తొంగి చూసి ఆగిపోయాను. కళాయి అరిగి అడుగున ఎర్రటి రాగి బయటపడింది. గరిటె తిరిగే చోటే అరిగింది; అంచుల దగ్గర తెల్లగా అట్లాగే ఉంది. అత్తగారింట్లో ఏటేటా గిన్నెలకు కళాయి పెట్టించినదాన్ని, నాకు తెలుసు. ఏండ్లు వండితేనే అట్లా అరుగుతుంది.

కాపలా ఆయన వచ్చాడు. "పెద్దమ్మా, జర దూరం. ముట్టొద్దు."

"ముట్టుకుంటలేను. దీనికి కళాయి పోయింది, చూసినవా?"

"అయితే నేనేం జేయాలె? కళాయి పెట్టెటోన్ని పిలుచుక రావాల్నా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ చిత్రకారుడు తలచుకుంటే గిన్నెను కొత్తదాన్ని చేసేవాడు, రంగుకు కొదవా? అరిగినదాన్ని అరిగినట్టే వేశాడు. దానికి బంగారు రంగు చట్రం కట్టి, సముద్రాలు దాటించి తెచ్చి, కాపలా పెట్టారు.

"గా గిన్నెకు సిగ్గు లేదా అవ్వా?" అంది మనవరాలు మెల్లగా.

"ఎక్కువ మాట్లాడకు."

బెంచీ మీద కూర్చొని సంచిలోంచి నా బొమ్మ తీశాను. ఈసారి తీరిగ్గా చూశాను. బియ్యం ఏరే ఆ వేళ్లు నావే. చాట అంచున విరిగిన పుల్లను కూడా వదలలేదు పిల్ల. ఒక్కటే తప్పు.

"నా కుట్టు గింత వంకర ఉంటదా? చూసి గీయరాదే?"

"నేను చూస్తుంటెనే కొంగు కప్పుకుంటివి. అందాజగ గీసిన."

ఆరోజూ నా ఒంటి మీద ఆ రైకే ఉంది. ఇంకా రెండేండ్లు వచ్చే రైకను పారేస్తానా? కొంగు తీసి చేతిని వెలుతురు వైపు తిప్పాను. పిల్ల పెన్సిల్ తీసింది. వచ్చేపోయేవాళ్లు చూస్తూనే ఉన్నారు.

"జల్ది గీయి," అన్నాను. "కాలేజీ బంద్ చేస్తరు."